సంతకం లేని వరుస

జిల్లా కేంద్రంలో మూతబడిన బడుల దస్త్రాల కార్యాలయం అని ఒకటుంది. అది ఉన్నట్టు ఊళ్లో చాలామందికి తెలీదు. ఏ పల్లెలో బడికి తాళం పడ్డా ఆ బడి హాజరు పట్టీలూ, అడ్మిషన్ రిజిస్టర్లూ, టీసీ పుస్తకాలూ మూటలు కట్టి అక్కడికి పంపుతారు. వాటిని స్కాన్ చేసి కంప్యూటర్లో దాచడం, అసలు కాగితాలను వెనకగదిలో చెదపురుగులకు అప్పగించడం ఆ కార్యాలయం విధులు. మొదటిది సిబ్బంది చేస్తారు, రెండోది దానంతటదే జరిగిపోతుంది.

ఆ కంప్యూటర్ని చూసుకునేవాడు జోగినాయుడు. కాంట్రాక్టు సిస్టం ఆపరేటరు. ఏటా మార్చి నెలాఖరున అతని ఉద్యోగం చచ్చిపోయి, పైవాళ్లకు దయ కలిగితే ఏప్రిల్లో మళ్లీ పుడుతుంది. అందుచేత జనవరి దాటిందంటే అతను ఆఫీసులో చెప్పులు కూడా చప్పుడు కాకుండా వేసుకుని నడుస్తాడు.

దస్త్రాలన్నీ దాచిన పాత డిస్కు పిండి మరలా గరగరమంటూ తిరిగేది. దాన్ని మార్చాలని మూడేళ్లు రాయగా రాయగా, ఫిబ్రవరి ఒకటిన అన్ని జిల్లాలతో పాటు ఇక్కడికీ కొత్త డిస్కు వచ్చింది. చూపుడు వేలంత ఉంది. తిరిగే పళ్లెం లేదు, కదిలే ముల్లు లేదు, అంతా చిప్పులే. జోగినాయుడు ఆదివారం కూడా వచ్చి కూర్చుని పాతదాంట్లో ఉన్నదంతా కొత్తదాంట్లోకి ఎక్కించాడు. ఎక్కించడం పూర్తయ్యాక పాత డిస్కు ఒక మూలుగు మూలిగి కన్ను మూసింది. ఆ ఆఫీసులో బాధ్యతలు పూర్తిగా అప్పగించి వెళ్లిపోయిన మొదటి ఉద్యోగి అదే.

ఇక మిగిలింది చిన్న పని. ఆ కంప్యూటర్లో ఉన్నది యూనిక్స్ కుటుంబం ఆపరేటింగ్ సిస్టం. అది ఉచితంగా దొరుకుతుంది, అడగందే నోరు విప్పదు, చెప్పందే ఏ పనీ చెయ్యదు. ఆ కార్యాలయానికి అంతకన్నా తగిన సిస్టం లేదు. కొత్త రకం డిస్కుతో మాట్లాడాలంటే దానికి దుబాసీలాంటి ఒక ప్రోగ్రాము కావాలి. దాన్ని డ్రైవరంటారు. (జీపు డ్రైవరు వేరు, ఈ డ్రైవరు వేరని జోగినాయుడు ముందే విడమరిచి చెప్పాడు కనక ఆ గొడవ రాలేదు. వచ్చిన గొడవ వేరు.) ఆదివారం దాన్ని తాత్కాలికంగా ఎక్కించి పని నడిపించాడు గాని, యంత్రాన్ని ఆపితే అది దిగిపోతుంది. యంత్రం నిద్ర లేస్తూనే చదువుకునే చిన్న పట్టిక ఒకటుంటుంది. అందులో ‘ఫలానా డ్రైవరును ఎక్కించు: ఎస్’ అనే అర్థం వచ్చేలా ఒక్క వరుస రాస్తే చాలు.

సోమవారం మూడో తేదీ పొద్దున్నే జోగినాయుడు ఆ వరుస రాసి యంత్రాన్ని ఆపి లేపాడు. పదకొండు సెకన్లలో లేచి కూచుంది. దస్త్రాలన్నీ కళ్ల ముందున్నాయి. సంబరపడుతూ వెళ్లి సూపరింటెండెంటు భుజంగరావు గారితో చెప్పాడు.

"అయిపోయింది సార్. రెండు నిమిషాలు పట్టింది."

ఆ రెండో ముక్క అనకుండా ఉండాల్సింది. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో భుజంగరావు గారు రెండు నిమిషాల్లో అయిన పనిని చూడలేదు. అలా అయిందంటే అందులో ఏదో అక్రమం ఉండి తీరాలి.

"ఎవరు చెయ్యమన్నారు?"

"డిస్కు పెట్టమని మీరే అన్నారు కద సార్."

"పెట్టమన్నానయ్యా. పని చేయించమన్నానా? నోటేదీ?"

నోటు సంగతి చెప్పుకోవాలి. ఆ నెల రాష్ట్రమంతటా కొత్త ఉత్సాహం ఒకటి ప్రబలి ఉంది. ‘చర్య ఎక్కడో నోటు అక్కడే’ అని దాని పేరు. కాగితం ఫైళ్లు పోవాలి, ఏ పని ఎక్కడ జరిగిందో ఆ పనికి సంబంధించిన నోటూ, పరిశీలనా, సిఫార్సూ, ఉత్తర్వూ అక్కడే రాసి ఉండాలి అని పైనుంచి సర్క్యులర్ వచ్చింది. అంతకు ముందు వారమే కుళాయికి వాషరు మార్చినందుకు కుళాయి పక్క గోడ మీద నాలుగంచెల నోటు రాశారు. కుళాయి ఇంకా కారుతూనే ఉంది గాని, గోడను చూడడానికి పక్క జిల్లా నుంచి కూడా వచ్చి వెళ్లారు.

"ముందు ఆ వరుస తీసెయ్. ఉత్తర్వులొచ్చేదాకా కీబోర్డు ముట్టుకోకు," అన్నారు భుజంగరావు గారు.

జోగినాయుడు వరుస తీసేసి యంత్రాన్ని ఆపి లేపాడు. మళ్లీ పదకొండు సెకన్లలో లేచింది గాని, దస్త్రాలు లేవు. సరిగ్గా అప్పుడే కిటికీ దగ్గర ఒక మనిషి నిలబడింది.

ఆమె పేరు లెంక సన్యాసమ్మ. కొండ అంచునున్న గుమ్మిడివలస నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. అంగన్‌వాడీలో ఆయా ఉద్యోగానికి ఆమె పేరు జాబితాలో మొదట ఉంది. చదివింది ఏడో తరగతి, చదివిన బడి మూతబడింది, పుట్టిన తేదీ ఆ బడి రిజిస్టర్లో ఉంది. రిజిస్టరు ఎప్పుడో చెదపురుగుల పాలయింది. ఇక ఆ తేదీ ఉన్నది కొత్త డిస్కులో మాత్రమే.

"ఇరవై అయిదో తేదీ లోపల కాయితం అట్టుకెళ్లకపోతే రొండో పేరుకి ఇచ్చీగలరంట బాబు," అంది సన్యాసమ్మ. "ఈ పాలి తప్పితే నాకు మరి ఒయిసు దాటిపోతాది."

"ఇందాక వచ్చుంటే అయిపోయేదప్పా," అన్నాడు జోగినాయుడు, వాళ్ల వైపు అక్కను పిలిచే మాటతో. "ఇప్పుడు యంత్రం పని చెయ్యట్లేదు."

"పాడైపోనాదా?"

"బాగైంది. రెండు నిమిషాల పని. మళ్లీ వెనక్కి పెట్టమన్నారు."

సన్యాసమ్మ అతని మొహంలోకి చూసింది. ఎగతాళి చెయ్యడం లేదని తెలిసాక కొంగు దులుపుకుంది.

"నకళ్లు సోమారమే కదా ఇచ్చీది. వొచ్చీ సోమారం వొత్తాను."

మర్నాడు విషయం జాయింట్ డైరెక్టరు, అంటే జేడీ, శివకామేశ్వరరావు గారి దాకా వెళ్లింది. ఆయన స్వయంగా వచ్చి తెర ముందు కూర్చుని, ఆ తీసేసిన వరుసను మళ్లీ ఒకసారి రాయించి చూశారు. చూసి, చివరి మాట దగ్గర వేలు పెట్టారు.

"ఎస్ అని రాసిందెవరు?"

"నేనే సార్."

"పద్నాలుగేళ్లుగా ఈ హోదాలో ఉన్నాను. నేనే ఇంతవరకు ఎస్ అని రాసి ఎరగను. ‘పరిశీలించవచ్చును’ అంటాను. మరీ అత్యవసరమైతే ‘అభ్యంతరము లేనట్లు తోచుచున్నది’ అంటాను. కాంట్రాక్టు మనిషివి నువ్వు ఏకంగా ఎస్ అనేశావు."

"యంత్రానికి ఎస్, నో రెండే తెలుసు సార్."

"అందుకే అది యంత్రంగా ఉండిపోయింది," అన్నారు జేడీ గారు జాలిగా. ఆ వరుస మళ్లీ చెరిపించి, డిస్కు వైపు చూశారు. "ఇందులో కదిలే భాగాలేవీ లేవంటున్నావు. కదలకుండా పనెలా చేస్తుందయ్యా?"

ఆ ప్రశ్న ఆ భవనంలో ఎవరూ ఎవరినీ అడగకూడనిది.

చివరికి భుజంగరావు గారే దారి కనిపెట్టారు. పట్టికలో పై వరుసల్లో కొన్నిటికి ముందు నాలుగు గీతల హ్యాష్ గుర్తు ఉంది. అదేమిటని అడిగారు.

"ఆ గుర్తున్న వరుసను యంత్రం చదవదు సార్. అది మనుషుల కోసం రాసుకునే మాట."

"మనం అక్కడ ఏం రాసినా దానికి ఇబ్బంది ఉండదన్నమాట."

"ఉండదు సార్."

"ఎంత రాసినా?"

ఆ ప్రశ్న ఎటు పోతోందో జోగినాయుడికి అప్పుడు తెలిసింది. అప్పటికే ఆలస్యమైపోయింది. చర్య ఎక్కడో నోటు అక్కడే రాయడానికి యంత్రమే చోటిచ్చిందని భుజంగరావు గారి మొహం దీపంలా వెలిగింది.

నోటు మొదలైంది. ‘సమర్పితము. ప్రస్తుత పత్రమును పరిశీలించగా’ అని జూనియర్ అసిస్టెంటు పన్నెండు వరుసలు చెప్పింది. జోగినాయుడు ప్రతి వరుసకీ ముందు హ్యాష్ గుర్తు పెట్టి టైపు చేశాడు. సీనియర్ అసిస్టెంటు ఆ పన్నెండింటినీ తిరిగి చెప్పి, ‘పై విషయముతో ఏకీభవించుచు’ అని ఇంకో నలభై కలిపాడు. స్టోర్సు వారు డిస్కు ఘనపదార్థమా కాదా తేల్చమన్నారు. ఘనమే అని జవాబు రాస్తే, ఎండకు కరగదని ధ్రువపత్రం కావాలన్నారు. న్యాయ సలహాదారు, ‘ఎక్కించు’ అంటున్నారు గనక దించడానికి కూడా విధివిధానాలు ముందే నిర్ణయించాలని రాశారు. దించే విధానం మీద ఉపసంఘం పడింది. ఉపసంఘం అభిప్రాయం మూడు వందల వరుసలు వచ్చింది. అది ప్రధానంగా ఉపసంఘం కూర్చోవడానికి కుర్చీలు లేవన్న సంగతి.

పదో తేదీ సోమవారం సన్యాసమ్మ వచ్చింది.

"ఏటి బాబు, ఇయాల కూడా నేదా?"

"నోటు నడుస్తోందప్పా. ఆరొందల వరుసలయింది."

"నా కాయితం ఎన్ని వరసలుంటాది?"

"నాలుగు."

"నాలుగు వరసల కాయితానికి ఆరొందలా," అంది సన్యాసమ్మ. "మా ఊళ్లో పెళ్లి పత్రిక కూడా ఇంత రాయరు." వెళ్తూ వెళ్తూ మళ్లీ వెనక్కి తిరిగింది. "రొండు నిమిషాల పనే అన్నావు కద బాబు. సారు టీకి ఎల్లినప్పుడు సేసీలేవా? నాను గుమ్మం కాడ కాపలా ఉంటాను."

జోగినాయుడు తల దించుకున్నాడు. మూడు వారాలు పోతే మార్చి. అతనికీ పెళ్లాం, రెండేళ్ల కూతురూ ఉన్నారు. చెయ్యలేనని చెప్పడానికి కూడా అతనికి సిగ్గేసింది. సన్యాసమ్మ రెట్టించలేదు. బస్సుకి వేళయిందని వెళ్లిపోయింది. ఆమె తిట్టి ఉంటే అతనికి ఆ పూట అన్నం సయించేది.

ఆ వారమే భుజంగరావు గారి వంతు వచ్చింది. సూపరింటెండెంటు నోటు కింది నోట్లన్నిటికన్నా పొడుగ్గా ఉండాలన్నది రాయని నియమం. అంత పొడుగు చెప్పడానికి ఆయనకు ఓపిక లేదు. అందుకని బీరువాలోంచి ఒక పాత ఫైలు తీసి జోగినాయుడి ముందు పడేశారు.

"ఇది సీలింగు ఫ్యాన్లు కొన్నప్పటి నోటు. దీనికి పైనుంచి మెప్పు కూడా వచ్చింది. ఫ్యాను అన్నచోటల్లా డిస్కు అని మార్చి ఎక్కించెయ్."

జోగినాయుడు అలాగే ఎక్కించాడు. ‘సదరు డిస్కు రెక్కలు మూడును సక్రమముగా తిరుగుచున్నవి. గాలి అన్ని మూలలకు సమానముగా వచ్చుచున్నది. రెగ్యులేటరు అయిదో నెంబరులో ఉంచినచో సిబ్బంది కాగితములు ఎగిరిపోవుచున్నవి’ అని అయిదొందల వరుసలు తయారయ్యాయి. దాన్ని జేడీ గారు చూసి, ‘సమగ్రముగా ఉన్నది’ అని కింద రాయించారు. అప్పుడు జోగినాయుడికి ఒక సంగతి తెలిసొచ్చింది. ఆ నోట్లను చదవని వాళ్లలో యంత్రం మొదటిదేమీ కాదు.

పదిహేడో తేదీకి పద్దెనిమిది వందల వరుసలయ్యాయి. సన్యాసమ్మ ఆ రోజు ఏమీ అడగలేదు. కిటికీ దగ్గర నిలబడి, "వొచ్చీది ఆకరి సోమారం బాబు," అని మాత్రం చెప్పి వెళ్లింది.

ఇరవై నాలుగో తేదీన ప్రారంభోత్సవం పెట్టారు. యంత్రానికి బొట్టు పెట్టి చేమంతుల దండ వేశారు. దండ గాలి కన్నాలకు అడ్డం వస్తుందని జోగినాయుడు పక్కకు జరిపితే, భుజంగరావు గారు మళ్లీ మధ్యకు జరిపారు. రెండు వేల మూడు వందల పద్నాలుగు వరుసల నోటు పూర్తయి, చివరన ‘అభ్యంతరము లేనట్లు తోచుచున్నది’ అని జేడీ గారి ఉత్తర్వు పడింది. దాని కింద, ఇరవై ఒక్క రోజుల తర్వాత, జోగినాయుడు తన ఒక్క వరుసా రాసుకున్నాడు. సన్యాసమ్మ గుమ్మం అవతల కేరేజీ పట్టుకుని నిల్చుని ఉంది.

జేడీ గారు మీట నొక్కబోతూ ఉంటే శాఖాపరమైన ఆడిట్ అధికారి కూర్మాచలం గారు అద్దాలు సవరించుకుని తెర మీదికి వంగారు. సంతకాలుండేది చివరి పేజీలోనే కనుక ఆయన ఎప్పుడూ చివరి పేజీయే చూస్తారు.

"ఆగండి. అన్ని వరుసలకీ ముందు గుర్తుంది. ఈ ఆఖరి దానికి లేదేం? కింద పొట్టి సంతకం కూడా లేదు."

"అదే సార్ అసలు వరుస," అన్నాడు జోగినాయుడు. "గుర్తు పెడితే యంత్రం చదవదు."

"యంత్రం చదవకపోతే నష్టమేముంది? మేం చదివాం కదా," అన్నారు కూర్మాచలం గారు. "రెండు వేల పైచిలుకు వరుసలు నియమం పాటిస్తుంటే ఒక్కటి పాటించకపోతే దాన్ని మేం ఏమని రాయాలి?"

"ఏకరూపత ముఖ్యం," అన్నారు జేడీ గారు. "గుర్తు పెట్టవయ్యా. ముహూర్తం దాటిపోతోంది."

జోగినాయుడు ఒకసారి జేడీ గారిని చూశాడు. ఒకసారి దండను చూశాడు. తర్వాత గుమ్మం వైపు చూశాడు. సన్యాసమ్మకు లోపల మాటలు అర్థం కాలేదు గాని, అతని మొహం అర్థమైనట్టుంది. కేరేజీ నేల మీద పెట్టి గోడకు ఆనుకుంది. మూడు సోమవారాలుగా ఆమె అలా ఆనుకోవడం అతను చూడలేదు.

అతను ఆఖరి వరుసకు హ్యాష్ గుర్తు పెట్టాడు. కూర్మాచలం గారు సంతృప్తిగా అద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఆ తుడుచుకునే వ్యవధిలో జోగినాయుడు పట్టికను పైకి జరిపాడు. పదకొండు వందల ఏడో వరుస దగ్గర, భుజంగరావు గారి నోటు నడిమధ్యన, ‘రెక్కలు మూడును సక్రమముగా తిరుగుచున్నవి’ అన్నదాని కింద తన వరుసను మళ్లీ రాశాడు. గుర్తు లేదు, సంతకం లేదు. రాసి, కిందికి వచ్చి, భద్రపరిచి, లేచి నిలబడ్డాడు.

జేడీ గారు మీట నొక్కారు. యంత్రం రెండు వేల మూడు వందల పద్నాలుగు వరుసల నోటును దాటుకుంటూ వెళ్లి, తనకు కావలసిన ఒక్క మాటా పట్టుకుని, పదకొండు సెకన్లలో లేచి కూచుంది. దస్త్రాలన్నీ తెర మీదికొచ్చాయి. జనం చప్పట్లు కొట్టారు.

"చూశారా," అన్నారు జేడీ గారు. "నోటు పకడ్బందీగా ఉంటే యంత్రం కూడా మాట వింటుంది. ఇతను చదవదు చదవదు అన్నాడు."

"పొరపాటైంది సార్," అన్నాడు జోగినాయుడు.

మొదటి నకలు సన్యాసమ్మదే. నాలుగు వరుసలు. జేడీ గారు ఫొటోల వాళ్ల ముందు దాన్ని ఆమె చేతికిచ్చారు. ఆమె అది తడవకుండా రవిక లోపల దాచుకుని, బయటికొచ్చాక జోగినాయుణ్ని అడిగింది.

"నిజం సెప్పు బాబు. అంత రాతలో నా పని సేసిన మాటేటి?"

"ఒక్కటుందప్పా. ఎవరికీ చెప్పకు."

"నానెవులికి సెప్తాను," అంది సన్యాసమ్మ. "సెప్తే దానికీ నోటు రాసీగలరు."

కథ అక్కడితో సుఖంగా ముగియాలి. కాని మంచి పని చేసినవాణ్ని ప్రభుత్వం ఊరికే వదలదు. పక్షం తిరక్కుండానే ఆ పట్టిక ‘ఆదర్శ నోటు’గా ఎంపికై, ఉన్నది ఉన్నట్టు అన్ని జిల్లాల యంత్రాల్లోనూ ఎక్కించాలని సర్క్యులర్ వచ్చింది. ఎక్కించారు. అన్నిచోట్లా కొత్త డిస్కులు పనిచేశాయి. జేడీ గారికి శాలువా కప్పారు.

మార్చి ఇరవయ్యో తేదీన రెండు కాగితాలు ఒకే తపాలాలో వచ్చాయి. ఒకటి అంగన్‌వాడీ వాళ్ల దగ్గర నుంచి. లెంక సన్యాసమ్మ సమర్పించిన నకలు నిజమైనదో కాదో దస్త్రంతో సరిచూసి నెలాఖరులోగా తెలియజేయాలి, అది తేలేదాకా ఆమె నియామకం తాత్కాలికం. రెండోది ఒక దూరపు జిల్లా నుంచి. అక్కడ ఎవరో కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, ఇంకా అలవాటు పడనివాడు, ఆదర్శ నోటును మొదట్నుంచీ చివరిదాకా చదివేశాడు. ‘1,107వ వరుసకు ముందు గుర్తు లేదు. సంతకము లేదు. ఇది ఎవరి ఉత్తర్వుపై చేర్చబడినదో తెలియజేయుచు, తొలగించవలసినదో కాదో స్పష్టపరచ ప్రార్థన’ అని రాశాడు. రెక్కల గురించి అతను కూడా అడగలేదు.

జేడీ గారు దాన్ని భుజంగరావు గారికి పంపారు. తన నోటు నడుమ అది ఎలా వచ్చిందో ఆయన ఆలోచించలేదు, ఎందుకంటే తన నోట్లో ఏముందో ఆయనకు తెలీదు. "జవాబు ముసాయిదా నువ్వే తయారు చెయ్యి," అని జోగినాయుడి బల్ల మీద పెట్టారు. "గుర్తు పెట్టేస్తున్నామని రాసెయ్. పీడా పోతుంది."

గుర్తు పెడితే అన్ని జిల్లాల్లోనూ యంత్రాలు మూగబోతాయి. ఇక్కడ సన్యాసమ్మ కాగితం సరిచూడడానికి దస్త్రం ఉండదు. ఆమె ఉద్యోగం రెండో పేరుకి పోతుంది. ఆ వరుస ఎందుకుందో వివరంగా రాస్తే తన ఉద్యోగం పోతుంది. జోగినాయుడు కలం పట్టుకుని చాలాసేపు కూచున్నాడు. నిజం రాయకూడదు, అబద్ధమూ రాయకూడదు. అప్పుడు అతనికి మూడు వారాలు తను టైపు చేసిన రెండు వేల మూడు వందల పద్నాలుగు వరుసలూ అక్కరకొచ్చాయి. ఎంత వద్దనుకున్నా ఆ భాష ఒంటబట్టింది.

ఇలా రాశాడు: ‘1,107వ వరుస విషయము పై అధికారుల సమగ్ర పరిశీలనలో ఉన్నది. తుది ఉత్తర్వులు వెలువడు వరకు సదరు వరుసను ఎట్టి మార్పులు లేకుండ యథాతథముగా కొనసాగించవలెను.’

భుజంగరావు గారు అది చూసి, మొదటిసారి అతన్ని మెచ్చుకున్నారు. "ఇన్నాళ్లకి దారిలో పడ్డావోయ్," అన్నారు. జేడీ గారు సంతకం పెట్టారు. ఆ సాయంత్రమే సన్యాసమ్మ కాగితం దస్త్రంతో సరిపోయిందని అంగన్‌వాడీకి జవాబు వెళ్లింది. జోగినాయుడి కాంట్రాక్టు, ‘నోటు రచనలో గల విశేష అనుభవము దృష్ట్యా’, ఇంకో ఏడాదికి పొడిగించారు.

ఆ వరుస ఇప్పటికీ అక్కడే ఉంది. దానికి ఇక ఏ భయమూ లేదు. ఆ కార్యాలయం పుట్టింది మొదలు ఏ విషయం మీదా తుది ఉత్తర్వులు వెలువడలేదు.